స్కూబా పరికరాలు: ఏవి కొనాలి, ఏవి అద్దెకు తీసుకోవాలి, నీటిలో దిగేముందు ఏం చూసుకోవాలి

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కో, కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికో, మన విశాఖపట్నం రుషికొండకో స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి బయలుదేరే తెలుగువారు ఇప్పుడు అరుదేమీ కాదు. ప్రయాణం ఖాయం కాగానే వారిలో చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్ దుకాణాల్లో పరికరాల ధరలు చూడటం, చూసి బెదిరిపోవడం. నిజానికి కొత్తగా నేర్చుకునేవారు కొనవలసినవి చాలా తక్కువ. నేను పాటించే సూత్రం ఒకటే: ఒంటికి అతుక్కుని ఉండేవి సొంతవి కావాలి, గాలితో పనిచేసే బరువైన వాటిని అద్దెకు తీసుకోవచ్చు. మాస్క్ మీ ముఖానికి, ఫిన్ (ఈతరెక్క) మీ పాదానికి, వెట్ సూట్ (రబ్బరు ఈత దుస్తు) మీ ఒంటికి సరిపోవాలి తప్ప సగటు మనిషికి సరిపోతే చాలదు. సిలిండర్, దాని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, గాలి నింపి తేలడానికి వాడే కోటు అయిన బీసీడీ మాత్రం శిక్షణ కేంద్రాలే సమకూరుస్తాయి. అయితే అద్దె వస్తువును ఇచ్చినవారి మాట మీద తగిలించుకోకుండా, స్వయంగా పరీక్షించి తీసుకోవడం ప్రతి డైవర్‌కూ తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ పరీక్ష గురించే. ఇది గుర్తింపు పొందిన శిక్షకుడి దగ్గర నేర్చుకునే పాఠానికి తోడుగా చదువుకోవలసినదే గాని, దానికి బదులు కాదు.

ముందుగా ఒక పొరపాటు మాటను సరిదిద్దుకోవాలి. డైవర్ వీపున ఉండేదాన్ని పత్రికలు సైతం ‘ఆక్సిజన్ సిలిండర్’ అని రాస్తుంటాయి. వినోదం కోసం డైవింగ్ చేసేవారి సిలిండర్‌లో ఉండేది మనం బయట పీల్చే గాలే, అంటే 21 శాతం ఆక్సిజన్, మిగిలినది దాదాపంతా నైట్రోజన్ ఉన్న మామూలు గాలి. తేమ, నూనె తుంపరలు లేకుండా వడగట్టి, ఒత్తి నింపుతారు. శుద్ధ ఆక్సిజన్‌ను ఆరు మీటర్ల లోతు దాటి పీలిస్తే అది నాడీ వ్యవస్థపై విషంలా పనిచేసి మూర్ఛలు తెప్పించగలదు. ఇంత చిన్న మాటను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. సిలిండర్‌లో ఉన్నది ఏమిటో తెలియనివారికి దాన్ని ఎలా పరీక్షించాలో కూడా తెలియదు.

ఇక పరికరాలన్నిటి వెనుక ఉన్న లెక్క ఒక్కటే. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక బార్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున పీడనం పెరుగుతుంది. ఒడ్డున మన మీద ఒక బార్ ఉంటే పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్పై దగ్గర నాలుగు. చెవిలో, మాస్క్‌లో, ఊపిరితిత్తుల్లో, బీసీడీలో, వెట్ సూట్ రబ్బరులోని బుడగల్లో, ఇలా ఎక్కడ గాలి ఉంటే అక్కడ అది దిగేకొద్దీ నలుగుతుంది, పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. చిన్నప్పుడు చెరువులో గుక్క పట్టి మునిగి పందేలు కాసినవారు స్కూబాలో మొట్టమొదట వదులుకోవలసిన అలవాటు ఆ గుక్క పట్టడమే. లోతులో పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిరిగిపోగలవు. గజ ఈతగాడికైనా ఈ నియమంలో మినహాయింపు లేదు.

మాస్క్

ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే అది మాస్క్ కావాలి. ఈత కొలనులో వాడే కళ్లజోడు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దానిలో ముక్కు బయట ఉంటుంది. దిగేకొద్దీ అద్దం వెనుక గాలి నలిగి, కళ్లను బయటికి లాగుతున్నట్టు పట్టేస్తుంది. ముక్కు కూడా లోపలే ఉంటే కొంచెం గాలిని ముక్కుతో వదిలి ఆ ఖాళీని నింపుకోవచ్చు. చెవులు మూసుకుపోయినప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా ఊదవలసి ఉంటుంది కనుక, మాస్క్ మీది నుంచే రెండు వేళ్లతో ముక్కును గట్టిగా నొక్కగలుగుతున్నారో లేదో దుకాణంలోనే చూసుకోండి. అద్దం తప్పనిసరిగా టెంపర్డ్ గ్లాస్ అయి ఉండాలి; అది పగిలినా పదునైన పెంకులుగా విడిపోదు.

సరిపోయిందో లేదో తెలుసుకునే పరీక్ష చాలా తేలిక. పట్టీని తల వెనుకకు వేయకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి చేయి వదిలేయండి. ఊపిరి బిగబట్టినంతసేపూ అది ముఖానికి అంటుకునే ఉంటే అది మీ మాస్క్. జారిపోతే, లేదా సన్నగా గాలి లోపలికి చొరబడుతున్నట్టు అనిపిస్తే, ఎంత పేరున్న కంపెనీదైనా, ఎంత తగ్గింపు ధరకు వస్తున్నా అక్కడే వదిలేయండి. నోటిలో రెగ్యులేటర్ మౌత్‌పీస్ ఉన్నప్పుడు పెదవులు, బుగ్గలు కొంచెం మారతాయి కనుక వీలైతే మౌత్‌పీస్ పెట్టుకుని మరోసారి చూడటం మంచిది.

మన మగవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, మీసం. ముక్కు కింది సిలికాన్ అంచు చర్మానికి ఆనాలి. దట్టమైన మీసం మీద ఆనితే వెంట్రుకల మధ్య సందుల్లోంచి నీరు కారుతుంది. మీసం తీయించుకోవాలనేమీ లేదు. ముక్కుకు సరిగ్గా కింద, సిలికాన్ ఆనే మేరకు ఒక సన్నని గీతంత కత్తిరించుకుంటే చాలామందికి సరిపోతుంది. కొందరు ఆ చోట పెట్రోలియం జెల్లీ రాస్తారు గాని అది కొన్ని రకాల రబ్బరును పాడుచేస్తుంది కనుక సిలికాన్ గ్రీజు వాడటం మేలు. ఆడవారికైనా మగవారికైనా నుదుటి మీది ఒక్క వెంట్రుక అంచు కిందకు పోయినా నీరు రావడానికి అది చాలు. నా మొదటి డైవ్‌లో సగం సమయం మాస్క్‌లో నీరు తీయడానికే సరిపోయింది. పరికరం పాడైందని పడవలో కూర్చుని నేను విసుక్కుంటుంటే, శిక్షకుడు నా కణత మీద ఇరుక్కున్న నాలుగు వెంట్రుకలు చూపించి నవ్వాడు. నీరు కారుతోందని పట్టీని ఇంకా బిగించడం కూడా అందరూ చేసే తప్పే. బిగించేకొద్దీ సిలికాన్ అంచు వంకర తిరిగి మరింత కారుతుంది. పట్టీ పని మాస్క్‌ను జారకుండా నిలపడం వరకే. దాన్ని ముఖానికి అదిమేది నీటి పీడనం.

కొత్త మాస్క్ అద్దం లోపలి వైపు తయారీలో మిగిలిన సన్నని పొర ఒకటి ఉంటుంది. అది పోనంతవరకు ఏం పూసినా ఆవిరి పట్టేస్తుంది. జెల్ కాని మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌ను వేలితో రుద్ది, కడిగి, మళ్లీ రుద్దండి; మూడు నాలుగుసార్లు చేస్తే పొర పోతుంది. ఆ తరువాత ప్రతి డైవ్‌కూ ముందు అద్దం లోపల కొంచెం ఉమ్మి రాసి, సముద్రపు నీటిలో ఒకసారి జాడిస్తే చాలు. రోత అనిపించినా అనుభవజ్ఞులైన డైవర్లు కూడా అదే చేస్తారు.

కళ్లజోడు ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. నీటిలో అద్దం గుండా చూసినప్పుడు వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి చూపు లోపం స్వల్పంగా ఉన్నవారికి మామూలు మాస్కే సరిపోవచ్చు. లోపం ఎక్కువగా ఉంటే పవర్ అద్దాలు బిగించడానికి వీలుండే రెండు అద్దాల మాస్క్ తీసుకోండి. కళ్లజోడు పెట్టుకుని దానిపై మాస్క్ వేయడం కుదరదు, చెవి కాడలు సిలికాన్ అంచును చీల్చి నీటికి దారి ఇస్తాయి.

నీటి మీద తేలుతూ ఊపిరి తీసే గొట్టం, అంటే స్నార్కెల్ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. నీటి మీద ఎదురుచూసేటప్పుడు సిలిండర్ గాలి ఆదా చేయడానికి పనికొస్తుంది, అది ఎక్కడైనా అద్దెకు దొరుకుతుంది.

ఫిన్లు, వెట్ సూట్

ఫిన్లు రెండు రకాలు. పాదమంతా బూటులా కప్పేవి ఒక రకం, మడమ తెరిచి ఉండి లోపల నియోప్రీన్ (బుడగలున్న మెత్తని రబ్బరు) బూట్లు వేసుకుని పట్టీతో బిగించుకునేవి మరో రకం. ఒడ్డు నుంచి పగడపు రాళ్ల మీదుగా నడిచి నీటిలో దిగవలసిన చోట రెండో రకం మంచిది, పడవ మీద నుంచి దూకేచోట మొదటి రకం చాలు. గట్టి ఫిన్ వేగంగా తీసుకువెళ్తుందని ఎవరైనా చెబితే నమ్మవచ్చు గాని, అలవాటులేని కాళ్లకు అది పిక్కలు పట్టేయిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొత్తవారికి మెత్తగా వంగేవే నయం. వేళ్లు నలగకూడదు, మడమ జారకూడదు.

అండమాన్ సముద్రంలో నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 30 డిగ్రీల వరకు ఉంటుంది. అంత వెచ్చని నీటికి వెట్ సూట్ ఎందుకన్న ప్రశ్న సహజమే. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు త్వరగా ఒంటి వేడిని లాగేసుకుంటుంది. ఒడ్డున హాయిగా అనిపించే ఆ వేడిమిలోనే ముప్పావు గంట కదలకుండా ఉంటే వణుకు పుడుతుంది, వణికేవారు గాలి ఎక్కువ పీలుస్తారు. అందుకే అక్కడ మూడు మిల్లీమీటర్ల సూట్ సాధారణం. జెల్లీ చేపల తీగలు, పగడాల గీతలు, పడవ మీది ఎండ, ఈ మూడింటి నుంచీ అది కాపాడుతుంది. సూట్‌కూ చర్మానికీ మధ్య చేరిన పలుచని నీటిపొర కదలకుండా ఉండి, ఒంటి వేడిని నియోప్రీన్ నిలబెడుతుంది కనుక, వీపు దగ్గర, చంకల్లో వదులుగా ఉన్న సూట్ వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే. పొడి ఒంటి మీద వేసుకునేటప్పుడు కొంచెం శ్రమ పడాలి, అయినా మెడ దగ్గర ఊపిరి ఆడనంత బిగువు మాత్రం ఉండకూడదు.

సిలిండర్

మన దేశంలోనూ, వెచ్చని సముద్రాల్లో మరెన్నో చోట్లా ఎక్కువగా కనిపించేది ‘ఎస్ 80’ అని పిలిచే అల్యూమినియం సిలిండర్. దాని లోపలి కొలత సుమారు 11 లీటర్లు, నింపే పీడనం 200 బార్‌కు కాస్త పైన. అంటే అందులో దాదాపు 2200 లీటర్ల గాలి పడుతుంది. ఖాళీగానే 14 కిలోలు దాటే ఈ వస్తువును విమానంలో మోసుకెళ్లాలని ఎవరూ అనుకోకూడదు, నింపిన సిలిండర్‌ను ఎలాగూ విమానంలోకి అనుమతించరు.

ఆ 2200 లీటర్లు ఎంతసేపు వస్తాయన్నది లోతును బట్టి ఉంటుంది. నీటి మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషిని తీసుకుందాం. పది మీటర్ల దగ్గర పీడనం రెట్టింపు కనుక అతను నిమిషానికి 40 లీటర్లు వాడతాడు, ఇరవై దగ్గర 60, ముప్పై దగ్గర 80. సిలిండర్‌లో 50 బార్ మిగిలి ఉండగానే పైకి చేరాలన్నది సాధారణ నియమం కాబట్టి వాడుకోదగినది 150 బార్, అంటే సుమారు 1650 లీటర్లు. పది మీటర్ల లోతులో అది నలభై నిమిషాలు, ఇరవైలో ఇరవై ఏడు, ముప్పైలో ఇరవై నిమిషాలకు మాత్రమే వస్తుంది. కంగారుపడే కొత్తవారు దీనికన్నా చాలా ఎక్కువ వాడేస్తారు. ఈ లెక్కను ఒకసారి కాగితం మీద మీ చేత్తో వేసుకోండి, మిగిలిన గాలి పీడనం చూపే గేజ్ వైపు మాటిమాటికీ చూడమని శిక్షకుడు ఎందుకు పోరుతాడో అర్థమవుతుంది.

అద్దె సిలిండర్‌లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. భుజం దగ్గర లోహం మీద చెక్కిన పీడన పరీక్ష తేదీ ఉంటుంది. చాలా దేశాల్లో ఈ పరీక్ష ఐదేళ్లకొకసారి, లోపలి భాగాన్ని కంటితో చూసే తనిఖీ ఏడాదికొకసారి జరుగుతాయి. వాల్వ్ మూతి దగ్గరి ఓ-రింగ్ పగుళ్లు లేకుండా నున్నగా ఉండాలి. ఆ చిన్న రబ్బరు చుట్టు తెగితే సిలిండర్ మొత్తం బుసబుసమని ఖాళీ అవుతుంది. చివరగా, వాల్వ్‌ను కొద్దిగా తెరిచి వచ్చే గాలిని వాసన చూడండి. మంచి గాలికి ఏ వాసనా ఉండదు. నూనె వాసనో, ఇంజిన్ పొగ వాసనో వస్తే కంప్రెసర్‌లో లోపం ఉందనీ, వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ కూడా దానితో కలిసి వచ్చి ఉండవచ్చనీ అర్థం. ఆ సిలిండర్‌ను మొహమాటపడకుండా తిప్పి పంపేయండి.

రెగ్యులేటర్

1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజినీర్ ఎమిల్ గన్యాన్ కలిసి రూపొందించిన ఆక్వా-లంగ్ అనే స్కూబా పరికరం అసలు గొప్పతనం సిలిండర్‌లో లేదు, దాని నుంచి అడిగినప్పుడే, అడిగినంతే గాలి ఇచ్చే వాల్వ్‌లో ఉంది. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక మోటారు కార్లను గ్యాస్‌తో నడపడానికి గన్యాన్ తయారుచేసిన వాల్వే దానికి మూలం. నేటి రెగ్యులేటర్ కూడా అదే పని రెండు మెట్లలో చేస్తుంది. సిలిండర్‌కు బిగించే మొదటి దశ, 200 బార్ పీడనాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే తొమ్మిది పది బార్‌లు మాత్రమే ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. నోటిలో పెట్టుకునే రెండో దశ దాన్ని సరిగ్గా ఆ లోతులోని పీడనానికి దించుతుంది. అందుకే ముప్పై మీటర్ల దగ్గర కూడా ఊపిరి తీయడానికి ఛాతీ కష్టపడనక్కరలేదు.

మొదటి దశ నుంచి నాలుగు గొట్టాలు బయలుదేరతాయి. ఒకటి మీ నోటికి, ఒకటి ఆక్టోపస్ అని పిలిచే అదనపు రెండో దశకు, ఒకటి బీసీడీలో గాలి నింపడానికి, ఒకటి గేజ్‌కు. ఆక్టోపస్ మీకోసం కాదు, గాలి అయిపోయిన తోటి డైవర్ కోసం. అందుకే దాన్ని పసుపు రంగులో, పొడవైన గొట్టంతో చేస్తారు. అది ఛాతీ మీద కంటికి కనిపించేలా తగిలించి ఉండాలి. పగడాల మీద ఈడ్చుకుంటూ పోయే ఆక్టోపస్‌లో ఇసుక చేరుతుంది, అవసరమైన నాడు అది పనిచేయదు.

సిలిండర్‌కు బిగించే పద్ధతులు రెండు, చుట్టూ పట్టుకునే యోక్, మరతో బిగించే డిన్. మన దేశంలో అద్దె సిలిండర్లు ఎక్కువగా యోక్ రకానివి. సొంత డిన్ రెగ్యులేటర్ తెచ్చుకునేవారు ముందే ఫోన్ చేసి కనుక్కుని, అవసరమైతే అడాప్టర్ పట్టుకెళ్లాలి.

అద్దె రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించక ముందే ఒక పరీక్ష చేయవచ్చు. మొదటి దశకు డస్ట్ క్యాప్ మూసి ఉంచి, రెండో దశను నోట పెట్టుకుని పీల్చండి. ఏమీ రాకూడదు. గాలి వస్తే ఎక్కడో డయాఫ్రమ్‌కో (లోపలి పలుచని రబ్బరు పొర), ఊపిరి బయటికి పోయే వాల్వ్‌కో, మౌత్‌పీస్‌కో చిల్లు ఉందన్నమాట, నీటిలో అదే దారిన నీరు వస్తుంది. ఆక్టోపస్‌తోనూ ఇదే చేయండి. మౌత్‌పీస్‌ను బిగించిన ప్లాస్టిక్ పట్టీ దగ్గర, పళ్లతో కరిచే చోట చిరుగులు సాధారణంగా కనిపిస్తాయి. గొట్టాలు లోహపు మూతిని కలిసే చోట కొద్దిగా వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి.

బీసీడీ, సీసపు బరువులు

బీసీడీ అంటే గాలి నింపి తేలడానికీ, గాలి వదిలి దిగడానికీ వీలైన కోటు. సిలిండర్‌ను వీపున పట్టి ఉంచేదీ అదే. దాన్ని లిఫ్ట్‌లా వాడి, బటన్ నొక్కి పైకి లేవడం ప్రమాదకరం. లోపలి గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బి మిమ్మల్ని ఇంకా వేగంగా ఎత్తేస్తుంది. పైకి రావడం ఫిన్లతో, బీసీడీ గాలిని కొద్దికొద్దిగా వదులుతూ జరగాలి.

బరువుల విషయంలో మాత్రం కొత్తవారికి జరిగే అన్యాయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జనం ఎక్కువగా వచ్చే చోట్ల శిక్షకులు సమయం ఆదా చేయడానికి అందరికీ రెండు మూడు కిలోలు ఎక్కువే కట్టేస్తారు, అలా చేస్తే ఎవరూ తేలిపోరు కదా. ఆ అదనపు సీసాన్ని సరిచేయడానికి బీసీడీలో ఎక్కువ గాలి నింపాలి, ఆ గాలి లోతు మారినప్పుడల్లా నలిగి ఉబ్బుతుంది, డైవర్ పైకీ కిందికీ ఊగుతూ గాలంతా వృథా చేస్తాడు. ‘నాకు నీటిలో నిలకడ రావడం లేదు’ అని బాధపడే సగం మందిలో లోపం నైపుణ్యంలో కాదు, నడుముకు కట్టిన సీసంలో ఉంటుందని నా నమ్మకం.

సరైన బరువును ఇలా తెలుసుకోవాలి. పూర్తి పరికరాలతో, నిలువు లోతు ఉన్న చోట, రెగ్యులేటర్ నోట పెట్టుకుని, బీసీడీలో గాలంతా వదిలేసి, మామూలు ఊపిరి తీసుకుని కదలకుండా నిలవండి. నీరు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఈ పరీక్ష నిండు సిలిండర్‌తో చేస్తే పైన మరో రెండు కిలోలు కలుపుకోవాలి. ఎందుకంటే 2200 లీటర్ల గాలి బరువు రెండున్నర కిలోలకు పైగానే ఉంటుంది. డైవ్ మొదట్లో కాస్త మునిగే అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేసరికి తేలడం మొదలుపెడుతుంది. ఆ తేడాను ముందే లెక్కలోకి తీసుకోకపోతే చివర్లో ఐదు మీటర్ల దగ్గర భద్రత కోసం ఆగవలసినప్పుడు ఆగలేక పైకి తేలిపోతారు. కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో సరిపోదు. ఉప్పునీరు రెండున్నర శాతం ఎక్కువ సాంద్రత కలిగి మిమ్మల్ని ఎక్కువగా ఎత్తుతుంది. బెల్టు బకిల్‌ను ఒక్క చేత్తో, చూడకుండా విప్పగలగాలి, విప్పగానే బరువులు మరే పట్టీకీ తగులుకోకుండా కింద పడిపోవాలి.

డైవ్ కంప్యూటర్

మాస్క్ తరువాత నేను కొనమనేది రెగ్యులేటర్ కాదు, చేతి గడియారంలాంటి ఈ చిన్న యంత్రాన్నే. పీడనంతో నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. త్వరగా పైకి వస్తే సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఎంత లోతులో ఎంతసేపు ఉంటే మధ్యలో ఆగకుండా పైకి రావచ్చన్న పరిమితిని కంప్యూటర్ క్షణక్షణం లెక్కకడుతుంది. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టిక ప్రకారం తొలి డైవ్‌కు 18 మీటర్ల దగ్గర ఈ పరిమితి 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే. నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రావడం, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం కూడా అదే చూసిపెడుతుంది.

ఇద్దరికి ఒక కంప్యూటర్ చాలదు, ఎందుకంటే పక్కపక్కనే ఈదే ఇద్దరు కూడా ఒకే లోతులో ఉండరు. అద్దె కంప్యూటర్‌తో రెండు చిక్కులున్నాయి. ఉదయం మరొకరు చేసిన డైవ్ అందులో నమోదై ఉండవచ్చు. అది మీ పరిమితిని అనవసరంగా తగ్గిస్తుంది, అదైనా క్షేమమే. రెండోది నిజంగా ప్రమాదం. ఆక్సిజన్ శాతం ఎక్కువ కలిపిన నైట్రాక్స్ వాడిన ఎవరో దాన్ని 32 శాతానికి మార్చి అలాగే వదిలేసి ఉంటే, మామూలు గాలి పీలుస్తున్న మీకు అది లేని సమయాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. తీసుకోగానే 21 శాతం ఉందో లేదో, బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూడండి.

ఇవి కాక జేబులో పట్టే చిన్న వస్తువులు కొన్ని ఉన్నాయి. నీటి మీదికి వచ్చాక పడవకు కనిపించడానికి ఊది వదిలే నారింజ రంగు గుర్తు గొట్టం, ఒక ఈల, చేపల వలలో చిక్కుకుంటే కోసుకోవడానికి చిన్న కత్తెర. బంగాళాఖాతంలో కొట్టుకొచ్చే తెగిన వలలు తక్కువేమీ కాదు, అందుకే నడుముకు కట్టుకునే పెద్ద కత్తి కన్నా నైలాను దారాన్ని తెంపే కత్తెరే ఉపయోగం. చిన్న టార్చ్ ఉంటే పది మీటర్లు దాటాక మాయమయ్యే ఎరుపు రంగు తిరిగి కనిపిస్తుంది. పగడాల నిజమైన రంగులు చూడాలంటే అది కావాలి.

కూర్చడం, పరీక్షించడం

బీసీడీ పట్టీ నైలాను కనుక తడిస్తే సాగుతుంది. పొడి పట్టీని బిగిస్తే నీటిలో సిలిండర్ జారిపోతుంది. ముందు పట్టీని తడిపి, బిగించి, బీసీడీని పిడి పట్టుకుని ఎత్తి కుదిపి చూడండి. సిలిండర్ కదలకూడదు. వాల్వ్ గాలి వచ్చే మూతి మీ వీపు వైపు ఉండాలి. రెగ్యులేటర్‌ను నోటి గొట్టం కుడి భుజం మీదుగా, బీసీడీ గొట్టం ఎడమ భుజం మీదుగా వచ్చేలా పెట్టి, చేతి బిగువు మేరకే బిగించండి. గేజ్ అద్దాన్ని మీ ముఖానికీ, పక్కవారికీ దూరంగా తిప్పి పట్టుకుని వాల్వ్‌ను మెల్లగా తెరవాలి. తరువాత దాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి. పూర్తిగా తెరిచి పావు వంతు వెనక్కి తిప్పే పాత అలవాటు కొందరికి ఇప్పటికీ ఉంది. తెరిచారో మూశారో తెలియని గందరగోళం దాంతోనే వస్తుంది.

ఇప్పుడు గేజ్‌ను చూస్తూ రెగ్యులేటర్ నుంచి పదిసార్లు ఊపిరి తీయండి, తరువాత ఆక్టోపస్ నుంచి కొన్నిసార్లు. సూది 200 దగ్గర కదలకుండా నిలవాలి. పీల్చినప్పుడల్లా అది కిందికి పడి మళ్లీ లేస్తుంటే వాల్వ్ సగమే తెరిచి ఉందన్నమాట. ఈ ఒక్క పరీక్షను పడవ మీద ప్రతిసారీ, ఎవరు తొందరపెట్టినా, చేసి తీరాలి. బీసీడీని అదనపు గాలి వాల్వ్ తెరుచుకునేదాకా నింపి ఐదు నిమిషాలు వదిలేయండి. మెత్తబడితే కారుతోంది, ముట్టుకోకపోయినా ఇంకా ఉబ్బుతుంటే నింపే బటన్ ఇరుక్కుంది. రెండింటిలో ఏది జరిగినా మార్చమని అడగండి. చివరగా మీ జోడీతో ఒకరి పరికరాలు ఒకరు వరసగా చూసుకోవాలి: బీసీడీ, బరువులు, పట్టీలు, గాలి, ఆ తరువాత మాస్క్, ఫిన్లు.

డైవ్ తరువాత

ఉప్పు ఎండితే స్ఫటికాలై రబ్బరును కోస్తుంది. అన్నిటినీ మంచినీటిలో కాసేపు నానబెట్టి, కడిగి, నీడలో ఆరవేయండి. ఎండ నియోప్రీన్‌కూ సిలికాన్‌కూ శత్రువు. రెగ్యులేటర్‌ను కడిగేముందు డస్ట్ క్యాప్‌ను తుడిచి, ఆరబెట్టి బిగించాలి, కడిగేటప్పుడు గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కకూడదు. నొక్కితే నీరు గొట్టం గుండా మొదటి దశలోకి చేరి లోపల తుప్పు పట్టిస్తుంది. బీసీడీ లోపల కూడా కొంచెం మంచినీరు పోసి కదిపి వంపేయాలి.

తిరుగు ప్రయాణాన్ని కూడా పరికరాల లెక్కలోనే చూడాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలని డైవర్ల భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతుంది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి హైదరాబాద్‌కో విశాఖకో ఉదయం విమానం తీసుకున్నవారు ముందురోజు మధ్యాహ్నం డైవ్ వదులుకోవలసిందే. దేశీయ విమానాల్లో చాలావాటికి సామాను 15 కిలోలకు పరిమితం. మాస్క్, కంప్యూటర్, లిథియం బ్యాటరీ ఉన్న టార్చ్ చేతి సంచిలో, ఫిన్లు, సూట్, కత్తెర పెద్ద సంచిలో పెట్టుకుంటే ఆ పరిమితి దాటదు. సూట్ తడిగా ఉంటే అదొక్కటే రెండింతలు తూగుతుంది, కాబట్టి చివరి రోజు దాన్ని ఆరబెట్టుకునే వ్యవధి కూడా ఉంచుకోండి. ఏ సూట్‌తో, ఏ సిలిండర్‌తో, ఎన్ని కిలోల సీసం సరిపోయిందో బయలుదేరేముందే లాగ్ బుక్‌లో రాసుకోండి. తరువాతి పడవ మీద ఎవరైనా బెల్టు అందించినప్పుడు ఆ అంకె చెబితే చాలు.